గీత దగ్గరి మట్టి

మస్తాన్ మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళకు ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని అయ్యాక కూడా అనుమానం మిగిలితే మళ్ళీ రమ్మంటారు. మళ్ళీ వచ్చి అడిగినవాళ్ళు తక్కువ. ఇది తప్పించుకోవడమని కొందరు, ముసలితనమని కొందరు అంటారు. వాదనలో ఓడినవాడు నేర్చుకునేది పగ ఒక్కటేనని మాస్టారి నమ్మకం.

వేములదిన్నె హైస్కూలు వెనక మట్టి కోర్టులో ఆయన కబడ్డీ నేర్పుతారు. డ్రిల్లు మాస్టారి ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గాని, ఆ కోర్టు నుంచి రిటైరు కాలేదు. ఎండ తగ్గగానే తనే నీళ్ళు చల్లి, గడ్డలు చిదిపి, సున్నంతో గీతలు వేస్తారు. ఆ రోజు ఆ పనిలో ఉండగానే ఆయన శిష్యురాలు కోటేశ్వరి వచ్చి నిలబడింది. ఎడమ మోకాలికి కట్టు ఉంది.

“మాస్టారూ, నొప్పిని తొక్కిపట్టి ఆడినవాళ్ళకి ఊరు దండలేస్తంది. నొప్పికి లొంగి కూర్చున్నవాళ్ళ పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. మరి నన్ను కూర్చోమని ఎందుకంటున్నారు?”

ఆ ప్రశ్న వెనక ఉన్నదంతా ఊరికి తెలుసు. కూతకు వెళ్ళి గీత తాకి రావడంలో కోటేశ్వరిని మించిన ఆడపిల్ల ఆ చుట్టుపక్కల లేదు. వేసవి పోటీల్లో ఎదుటి జట్టు పట్టు పట్టినప్పుడు ఆమె మోకాలు పక్కకు తిరిగింది. లోపలి లిగమెంటు సగం తెగిందని, ఈ ఏడు కోర్టులో దిగితే మిగతా సగమూ తెగుతుందని గుంటూరు డాక్టరు చెప్పాడు. కాని ఆ సాయంత్రమే అదే కోర్టులో ప్రదర్శన పోటీ ఉంది. రాష్ట్ర జట్టుకు పిల్లలను ఎంచే సెలెక్టరు వేదిక మీద కూర్చుంటాడు. ఆయన దృష్టిలో పడితే జట్టులో చోటు, ఆ చోటు దొరికితే ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం. కోటేశ్వరి తల్లి కొల్లి వీరభద్రం గారి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది. రాత్రి అన్నం కలుపుకున్నా చేతుల మంట పోదు. ఆ తల్లిని ఆ ఘాటులో నుంచి బయటికి తీసుకురావడానికి కూతురికి కనిపిస్తున్న దారి ఆ చోటు ఒక్కటే.

తిరుపతయ్యకు సన్మానం చేస్తూ ఆ పోటీ పెట్టిన సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆ వీరభద్రం గారే. “ఒక్క సూది వేయిస్తానమ్మా, ఆట అయ్యేదాకా నీకు కాలు ఉన్నట్టే తెలియదు. తిరుపతయ్య అట్టాగే గదా ఆడింది!” అని ఆయన స్వయంగా ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆయన గుమ్మంలో నిలబడి చెప్పినదాన్ని కాదనడం ఆ ఇంటికి ఎంత కష్టమో, ఆయన దగ్గర పనిచేసేవాళ్ళను అడిగితే తెలుస్తుంది.

తిరుపతయ్య ఎవరో చెప్పాలి. వేములదిన్నె మట్టిలో పుట్టి దేశం తరఫున ఆడిన ఆటగాడు. ఒకప్పుడు ఇదే కోర్టులో మస్తాన్ మాస్టారి శిష్యుడు. ఆ కోర్టుకు ఒక ఆచారం ఉంది. ఎవరైనా పోటీకి దిగే ముందు ఒక పెద్ద ఆటగాడు గీత దగ్గర గొంతుక్కూర్చుని, తన చేత్తో మట్టి తీసి, ఆడబోయేవాళ్ళ నుదుట పెడతాడు. ఒకరు తెచ్చి ఇచ్చిన మట్టి పనికిరాదు. నుదుట మట్టి లేనివాళ్ళు గీత దాటరు. పెద్ద టోర్నమెంటు ఫైనల్ నాడు తిరుపతయ్య మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి. మాస్టారు మట్టి పెట్టనన్నారు. అప్పుడు జట్టు పెద్దలు సూదులు పొడిపించి, మట్టికి బదులు కుంకుమ బొట్టు పెట్టి అతన్ని దింపారు. అతను గెలిపించాడు. కాళ్ళీడుస్తూ కప్పు ఎత్తుకున్న ఆ ఫొటో పచారీ కొట్లలో కూడా వేలాడింది. ఆ తర్వాత అతను ఆడింది ఒక్క సీజను. అయినా పేరు పోలేదు, పెరిగింది. ఇప్పుడు అతని బొమ్మ ఒక నొప్పుల మందు డబ్బా మీద ఉంది. ఆడేవాడి మోకాళ్ళు అరిగించినవాళ్ళే ఆ మోకాళ్ళ పేరు చెప్పి మందు అమ్ముకుంటారు. త్యాగం అని పేరు పెడితే చాలు, ఏ దోపిడీ అయినా మనకు పండగే.

ఆ పండగకు మూల్యం చెల్లించినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. తిరుపతయ్యను చూసి విరిగిన భుజంతో ఆడిన చెన్నకేశవులు ఇవాళ ఆటో హ్యాండిలు కూడా ఒంటిచేత్తో తిప్పుతున్నాడు. పగిలిన మడమతో జిల్లా పోటీలు ఆడిన లూర్దుమేరీ గుమ్మం దిగడానికి గోడ పట్టుకుంటుంది. వాళ్ళ కోసం ఎవరూ స్వాగత ద్వారం కట్టలేదు. ఊరి మొదట్లో కట్టిన ద్వారం మీద ఉన్నది ఒక్కటే పేరు, దాని కింద ఎర్ర అక్షరాల్లో ఒకటే మాట: ‘గాయాలను గెలిచిన వీరుడికి స్వాగతం.’ వ్యక్తిపూజ ఉన్న చోట నిజానికి నిలువనీడ ఉండదని ఎన్ని పుస్తకాల్లో చదివినా, ఆ ద్వారం కింద నిలబడి చూస్తే గాని ఆ మాట బరువు తెలియదు.

కోటేశ్వరి ప్రశ్న అడుగుతుండగానే ఊరేగింపు కోర్టు పక్క రోడ్డు మీదికి వచ్చింది. డప్పులు, పాటలు, పూలు. టాపు లేని జీపులో తిరుపతయ్య నిలబడి చేతులు ఊపుతున్నాడు. హైవే దగ్గర ఎక్కినప్పటి నుంచి అతను ఒక్కసారి కూడా కూర్చోలేదని, అది సింహపు దర్పమని జనం చెప్పుకుంటున్నారు. మాస్టారు సున్నం డబ్బా పట్టుకుని ఆ జీపు మలుపు తిరిగేదాకా చూశారు. జీపు కుదుపులకు అతను కడ్డీని రెండు చేతులతో ఎలా పట్టుకుంటున్నాడో చూశారు.

“ఈ సాయంత్రం నువ్వు ఆడాలనుకుంటే ఆడమ్మా,” అన్నారు. “ఒకటే మాట. నీ నుదుట మట్టి తిరుపతయ్య చేత పెట్టించుకో.”

కోటేశ్వరి నమ్మలేకపోయింది. “మీరు పెట్టరా?”

“నేను పెట్టనంటే ముసలాడి చాదస్తం అంటావు. అతనికంటే పెద్ద ఆటగాడు ఊళ్ళో లేడు. అతన్నే అడుగు.”

“పెడతాడు మాస్టారూ. ఆయనే పెట్టకపోతే ఇంకెవరు పెడతారు!” అని ఆ పిల్ల సంబరంగా కుంటుకుంటూ వెళ్ళింది. సంఘం వాళ్ళు తెచ్చిన కాంపౌండరు వేదిక వెనక ఎదురుచూస్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె కుంటడం లేదు.

సభ మొదలైంది. వేదిక మీద శాలువాలు, వెండి కబడ్డీ బొమ్మ, సెలెక్టరు గారికి మెత్తటి సోఫా. తిరుపతయ్య కోసం మాత్రం ఎత్తు కుర్చీ వేశారు. అందరికంటే ఎత్తులో కూర్చోబెట్టడం గౌరవమని జనం అనుకున్నారు. ఆ కుర్చీ మీదైనా అతను అంచునే ఒరిగి ఉన్నాడు. మైకు అందుకుని తన ఊరి మాటలో మాట్లాడాడు.

“నొప్పి అనేది చుట్టం లాంటిదబ్బాయ్. మనం పీటేస్తేనే కూర్చుంటది. పీటెయ్యబాకండి, అదే లేచి పోద్ది!”

ఈలలు, చప్పట్లు. పిల్లలు ఆ మాట అచ్చు వేసిన బనీన్లు తొడుక్కుని ఎగిరారు. ఈ మాట చెప్పి దేశమంతా చప్పట్లు కొట్టించుకున్న మనిషి, ఆ మాట విని ఒళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను ఒక్కసారైనా చూశాడా? చెన్నకేశవులు అక్కడే, గోడ పక్కన ఆటోలో కూర్చుని ఉన్నాడు. ఎవరూ అతన్ని వేదిక మీదికి పిలవలేదు. అతను చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి ఒక చెయ్యి లేవదు.

పోటీకి ముందు జట్లను పరిచయం చేయడానికి తిరుపతయ్యను కోర్టులోకి తీసుకువచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, భుజం మీద పట్టు శాలువా. కెమెరాలు వెంట నడిచాయి. కోటేశ్వరి గీత ముందు నిలబడి చేతులు జోడించింది.

“అన్నా, మట్టి పెట్టన్నా.”

తిరుపతయ్య నవ్వి ఆమె తల మీద చెయ్యి వేశాడు. “ఇదిగోమ్మా, దీవించా. పోయి ఇరగదియ్యి.”

“అట్టా కాదన్నా. నీ చేత్తో ఇక్కడ తీసి పెట్టాలి. నీకూ ఇక్కడే పెట్టేవాళ్ళంట గదా.”

అతని నవ్వు అలాగే ఉంది గాని, కళ్ళు నేల మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. వీరభద్రం గారు చప్పున ముందుకు వచ్చారు. “ఏందమ్మా ఈ తిరకాసు? అవతల కెమెరాలు తిరుగుతుంటే! ఒరే, ఎవడన్నా ఆ పళ్ళెంలో కాస్త మట్టి ఎత్తుకు రండ్రా.”

ఎవరో శాలువాలు తెచ్చిన వెండి పళ్ళెంలో మట్టి పోసుకుని పరిగెత్తుకొచ్చారు. గోడెక్కి చూస్తున్న ఒక ముసలాయన గట్టిగా అరిచాడు: “పళ్ళెంలో మట్టేందిరా, పేరంటానికి వచ్చాడా?” జనం గొల్లున నవ్వారు.

తిరుపతయ్య నవ్వలేదు. పళ్ళెం వంక చూశాడు. తర్వాత కోర్టు అవతలి మూలలో నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడ్డ మాస్టారి వంక చూశాడు. మాస్టారు తల ఊపలేదు, చెయ్యి ఎత్తలేదు. తిరుపతయ్య శాలువా తీసి పళ్ళెం మీద పడేశాడు.

గొంతుక్కూర్చోబోయాడు. కుడి మోకాలు కొంచెం వంగి ఆగిపోయింది. ఎడమది అంత కూడా వంగలేదు. ప్రెసిడెంటు భుజం పట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి ఆ భుజం వదిలేసి, ముందుకు ఒరిగి, రెండు అరచేతులు నేల మీద ఆనించి, నడక రాని పసివాడు దిగినట్టు ఒళ్ళంతా నేలకు దింపాడు. పక్కకు దొర్లి, కాళ్ళు రెండూ కర్రల్లా ముందుకు చాపుకుని గీత పక్కన మట్టిలో కూలబడ్డాడు.

జనం చప్పట్లు కొట్టారు. అవును, చప్పట్లు కొట్టారు. వీరుడు పుట్టినగడ్డకు సాష్టాంగపడ్డాడనుకున్నారు. ఒక మనిషి కూలిపోతుంటే దానికి భక్తి అని పేరు పెట్టి ఈలలు వేసిన ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దగ్గరున్న నలుగురైదుగురు ఆడపిల్లలకే అతని మొహం కనిపించింది.

గుప్పెడు మట్టి తీసుకుని కోటేశ్వరిని దగ్గరికి రమ్మన్నాడు. ఆమె వంగింది. అతను మట్టి పెట్టలేదు.

“ఏ కాలు?” అని అడిగాడు, మెల్లిగా.

“ఎడమదన్నా.”

“సూదేశారా?”

“ఇందాక.”

“ఇప్పుడు నొప్పి ఉందా?”

“లేదన్నా. అసలు కాలే ఉన్నట్టు లేదు.”

“నాక్కూడా ఆ రోజు అట్టాగే ఉండింది,” అన్నాడు తిరుపతయ్య. “తెల్లారి లేచి చూస్తే వచ్చి కూర్చోనుంది. ఇంక పోలేదు. నా బిడ్డల్తో కింద కూర్చోని ఒక్క ముద్ద తినలా ఇంతవరకూ. ఎవురికీ చెప్పబాకు.” అంతలోనే తల అడ్డంగా ఊపాడు. “కాదులే. చెప్పు. అందరికీ చెప్పు.”

గుప్పిట విప్పాడు. మట్టి గీత మీద రాలిపోయింది. “నేను పెట్టను తల్లీ. పోయి మాస్టారి దగ్గర కూర్చో.”

కోటేశ్వరి కదల్లేదు. “అన్నా, అట్టా అనబాకన్నా. సెలెక్టరు గారు చూస్తన్నారు. ఈ ఒక్క ఆటన్నా. మా అమ్మ...” ఇద్దరూ ఆ రాలిన మట్టి వంక చూస్తూ ఉండిపోయారు.

వీరభద్రం గారికి సంగతి అర్థమైంది. “తిరుపతయ్యా, ఇది నీ సన్మానం తమ్ముడూ, గుర్తుందా? పిల్లకు బొట్టు పెట్టి పైకి లే. బాగుండదు.”

“మైకియ్యండి,” అన్నాడు తిరుపతయ్య. ధన్యవాదాలు చెబుతాడనుకుని ఇచ్చారు. నేల మీద కూర్చునే మాట్లాడాడు. “నా మాట వినండబ్బాయ్. ఇందాక నేను చెప్పిన చుట్టం సంగతి...”

మైకు ఆగిపోయింది. తీగ ఎక్కడ తెగిందో గాని, ఆ మరుక్షణమే స్పీకరు పెట్టెల్లో పాట మోగింది. నిజం నోరు తెరిచిన ప్రతిచోటా పాట పెంచడానికి ఒక చెయ్యి సిద్ధంగా ఉంటుంది. “అది అబద్ధం,” అని అతను పూర్తి చేసినది చేతికందే దూరంలో ఉన్నవాళ్ళకే వినపడింది.

“లే తమ్ముడూ, లే,” అని ప్రెసిడెంటు చెయ్యి పట్టుకుని లాగాడు.

“లేవలేను.”

“ఏందీ?”

“లేవలేను ప్రెసిడెంటుగారూ. కూర్చోడమొకటే నా చేతిలో ఉంది. లేవాలంటే మనుషులు కావాలి.”

సంఘం పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తెల్లబట్టలకు మట్టి అంటుతుందనో, కెమెరాలో పడుతుందనో, ఎవరూ వంగలేదు. చివరికి ఆడపిల్లలే వంగారు. ఇద్దరు చంకల కింద చేతులు వేశారు, ఒకతె నడుము పట్టింది. కోటేశ్వరి వెనక నుంచి తన భుజం ఆనించి, పళ్ళు బిగించి అతన్ని పైకి నెట్టింది. అతను నిలబడ్డాక కూడా కాసేపు ఎవరూ చేతులు తీయలేదు.

పోటీ జరిగింది. కోటేశ్వరి బదులు ఇంకో అమ్మాయి కూతకు దిగింది. సెలెక్టరు ఆ అమ్మాయి పేరు రాసుకున్నాడు. సూది మత్తు దిగేసరికి కోటేశ్వరి నీళ్ళ డ్రమ్ముకు ఒరిగి, మోకాలు రెండు చేతులతో పట్టుకుని ఉంది. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. మట్టిలో కాళ్ళు చాపుకుని కూర్చున్న తిరుపతయ్య, చప్పట్లు కొడుతున్న జనం. పైన పెద్ద అక్షరాలు: ‘మాతృభూమికి మహావీరుడి ప్రణామం.’ లోపల అతని మోకాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. చెన్నకేశవులు ఆ పేపరు మడిచి ఆటో అద్దం తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం కోటేశ్వరి కోర్టుకు వచ్చింది. ఏడ్చిన కళ్ళు. తన తల్లిని రేపటి నుంచి పనికి రావద్దని వీరభద్రం గారి గుమాస్తా పొద్దున అన్నాడని చెప్పింది. ఇది కూడా ఎవరూ పేపర్లో వేయరు. ఊరి బిడ్డలు మన బిడ్డలని వేదిక మీద గుండెలు బాదుకున్న మనిషి, ఆ బిడ్డ ఇంట్లో పొయ్యి ఆర్పడానికి ఒక్క రోజు కూడా ఆగలేదు. మాస్టారు అంతా విని, మార్కెట్ యార్డులో తన పాత శిష్యుడు ఒకడు మేస్త్రీగా ఉన్నాడని, పొద్దున్నే మీ అమ్మను తీసుకుని అతని దగ్గరికి వెళ్దామని చెప్పారు.

“అది సరే మాస్టారూ,” అంది కోటేశ్వరి. గొంతులో కోపం దాచుకోలేదు. “నేనడిగినదానికి మాత్రం జవాబు రాలేదు. చోటు పోయింది. పని పోయింది. కూర్చున్నందుకు నాకు మిగిలిందేందో చెప్పండి.”

“నిన్న అతన్ని లేపావు గదా,” అన్నారు మాస్టారు. “బరువు ఏ కాలి మీద వేశావు?”

ఆమె కాసేపు గుర్తు తెచ్చుకుంది. “కుడి కాలి మీద.”

“మంచిది. అంటే నీకింకా ఒక కాలు మిగిలుంది. అతనికి ఒక్కటీ మిగల్లేదు.”